తెర వెనుకటి కూలి

నాటకము చూచి యింటికి మరలువారు నటుని పద్యమును మెచ్చుకొందురు. హార్మోనియము వాయించినవానిని దలఁతురు. తెర లాగినవాఁ డెవ్వఁడని యడుగువా రరుదు. అతనికి ముట్టు కూలి యెంత? అది ప్రతి యూరను నొక్కటిగా నేల యుండదు? ఈ విషయమును గొంచెము విచారింతము.

మొదటి కారణము పని తీరు. విజయవాడలోని తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రము వంటి శాశ్వత రంగస్థలమునందు వేదిక సిద్ధముగా నుండును. పల్లెలోనో, గుంజలు పాతి వేదిక కట్టవలెను; తెల్లవాఱిన పిమ్మట విప్పవలెను.

రెండవది జీవనవ్యయము. పట్టణమున ఇంటి అద్దె హెచ్చు. అందుచేతనే 1948 నాఁటి కనీస వేతన చట్టము వేర్వేఱు ప్రాంతములకు వేర్వేఱు రేట్లు నిర్ణయింపవచ్చునని చెప్పెను. 2019 నాఁటి వేతనస్మృతియు నైపుణ్యమును గాని, ప్రాంతమును గాని, రెండింటిని గాని గమనింపవలె ననుచున్నది.

మూఁడవది కార్మికుల యైకమత్యము. 1893లో అమెరికాలోని పదునొకండు పట్టణముల రంగస్థల కార్మికుల ప్రతినిధులు న్యూయార్కులోఁ గూడి సంఘము స్థాపించిరి. దాని స్థానికశాఖలు తమ తమ పట్టణములలో ఒడంబడికలు చేసికొనును. 2013లో కార్నెగీ హాలు పనివారు సమ్మె చేసి ప్రారంభోత్సవమునే నిలిపివేసిరి. అచ్చటి ఐదుగురు స్థిరోద్యోగుల సగటు వార్షికాదాయము, అదనపు గంటల కూలితోను ఇతర సదుపాయములతోను గలిపి, నాలుగు లక్షల డాలర్లను మించియుండెను.

మన సురభివారి పద్ధతి వేఱు. 1885లో కడప మండలమునఁ బుట్టిన ఆ సమాజమున నటకుటుంబములవారే తెరలు కట్టుదురు, వేషములును వేయుదురు.

ఇఁక నొక చిన్న లెక్క. భవానీపురమునఁ గాపురమున్న పనివాఁ డొకఁడు రాత్రికి స్వస్థలమున 800 రూపాయలు, బందరులో 1000 రూపాయలు పొందునని లెక్కకొఱ కనుకొందము. బందరు రాకపోకలకు 160, భోజనమునకు 120 తానే పెట్టుకొనినచో మిగులునది 720 రూపాయలే. హెచ్చు రేటు తక్కువ కూలి యైనది! నిద్రలేక మఱునాఁటి పని తప్పిన నష్టము వేఱు.

కావున విద్యార్థులారా, మీరు పెద్దవారై యే యుత్సవమునకైన నాటకము కుదుర్చునపుడు “రేటెంత?” అని మాత్రమే యడుగకుఁడు. దారిబత్తెము, భోజనము, వేదిక విప్పు పని యందుఁ జేరినవో లేదో కూడ నడుగుఁడు. తెర సకాలమున లేచుటకు గారకుఁడైనవాఁడు ఖాళీచేతులతో నింటికిఁ బోరాదు గదా!