ఇరుసునకు కందెన ఎందుకు?

దూరప్రయాణమునకు బయలుదేరుటకు ముందు బండివాడు శీల ఊడదీసి, చక్రమును కొంచెము బయటకు లాగి, ఇరుసునకు కందెన పట్టించుట పల్లెలలో పెరిగినవారు చూచియే యుందురు. ఆముదములో గడ్డిమసి కలిపిన ఆ నల్లని ముద్ద లేనిచో బండి కీచుమనును, ఇరుసు అరిగిపోవును, ఎద్దులు మరింత బలముగా లాగవలసివచ్చును. ఇంత చిన్న ముద్ద చేయు పని ఏమి?

ఘర్షణకు కారణమేమని తరగతిలో అడిగినచో "గరుకుదనమండీ" అని విద్యార్థులు వెంటనే చెప్పుదురు. ఇందులో సగమే నిజము. గరుకుదనమే కారణమైనచో, తలములను నునుపు చేసినకొద్దీ ఘర్షణ తగ్గుచునే పోవలెను గదా! కాని గాలి తీసివేసిన పాత్రలో, మిక్కిలి నునుపుగా, శుభ్రముగా ఉన్న రెండు లోహపు ముక్కలను అదిమినచో అవి జారుటకు బదులు అతుకుకొనును.

మరియొక వింత కూడ కలదు. ఘర్షణబలము తలములను అదుముచున్న బలమునకు అనులోమానుపాతములో నుండునని, తలముల వైశాల్యముపై ఆధారపడదని 1699లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమాంటన్సు ప్రకటించెను. ఇనుప దిమ్మను వెడల్పుగా పరుండబెట్టి లాగినను, సన్నని ప్రక్కపై నిలిపి లాగినను కావలసిన బలమొక్కటే. ఇది ఎట్లు సాధ్యము?

దీనికి తృప్తికరమైన సమాధానము చాలకాలము దొరకలేదు. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనువారు దీనిని వివరించిరి. అద్దమువలె మెరయు లోహముపై సైతము సూక్ష్మమైన మిట్టపల్లములుండును. రెండు తలములు ఆ మిట్టల కొనలయందు మాత్రమే కలియును. బరువంతయు ఆ కొనలపై పడుటచే అవి నలిగి, ఒకదానికొకటి అతుకుకొనును. ఈ అతుకులను త్రెంచుటకు కావలసిన బలమే లోహముల ఘర్షణలో ముఖ్యభాగము. బరువు రెట్టింపైనచో నలిగిన చోటును రెట్టింపగును. దిమ్మను ఏ ప్రక్కకు త్రిప్పినను బరువు మారదు కనుక, నిజముగా తాకుచోటును మారదు.

కందెన ఆ కొనలను కలియనీయదు. ఆముదపు అణువులు లోహమును గట్టిగా పట్టుకొనుటచే, బరువునకు నూనె చాలవరకు ప్రక్కలకు తప్పుకొన్నను పలుచని పొర మిగులును. మసి ముద్దను చిక్కపరచును. మొదటి ప్రపంచయుద్ధమునాటి (1914–18) విమానములలో కొన్నింటి యింజనులకు కూడ ఆముదమునే పోసెడివారని చెప్పినచో మన బండివారు ఆశ్చర్యపడరేమో!

100 కిలోల బరువున్న పొడి ఉక్కు దిమ్మను ఉక్కుపై జార్చుటకు సుమారు 60 కిలోల బలము కావలెను. నూనె పూసినచో 10 కిలోలు చాలును. జార్చుట మాని, బాల్ బేరింగులపై దొర్లించినచో 150 గ్రాముల ప్రాంతమునకు దిగును.

అయితే ఘర్షణను పెంచవలసిన చోట్లును గలవు. పట్టాలు తడిసి యింజను చక్రములు జారునపుడు, వాని ముందు ఇసుక రాల్చెదరు. రోడ్డుపై 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, ఘర్షణ గుణకము 0.7 ఉన్నపుడు బ్రేకు పట్టిన పిమ్మట సుమారు 20 మీటర్లలో ఆగును. గుణకము సగమైనచో 40 మీటర్లు పోవును. టైరుపై గాళ్లు నీటిని ప్రక్కలకు తరుముటకే యున్నవి. అవి అరిగిపోయిన టైరు వేగముగా పోవునపుడు నీటిపొరపై తేలిపోవును. తొలకరి జల్లునాడు రోడ్డు మరీ ప్రమాదకరము; ఏలననగా, వేసవియంతయు పడిన నూనెచుక్కలు, దుమ్ము, ఆ కొద్దిపాటి నీరు కలిసి రోడ్డుకే కందెన పట్టించును.