కోడిపిల్లల బ్రూడర్‌కు ట్రాన్సిస్టర్‌తో ఉష్ణోగ్రత అలారం

పెరటి కోళ్ల పెంపకంలో మొదటి నాలుగు వారాలు చాలా కీలకం. ఈ వయసులో పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. మొదటి వారం బ్రూడర్ కింద 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. రాత్రివేళ బల్బు మాడిపోయినా, కరెంటు పోయినా పిల్లలు చలికి ఒకదానిపై ఒకటి ఎక్కి నలిగి చనిపోతాయి. అలాంటప్పుడు మిమ్మల్ని నిద్ర లేపే అలారాన్ని తక్కువ ఖర్చుతో తయారు చేసుకోవచ్చు.

ఎలా పనిచేస్తుంది?

ట్రాన్సిస్టర్‌లో బేస్, ఎమిటర్ కాళ్ల మధ్య సుమారు 0.6 వోల్టులు ఉంటుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఈ వోల్టేజి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆర్డునో ఉనో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డు ఈ తేడాను అంకెల్లో చూపుతుంది.

కావలసినవి

• ఆర్డునో ఉనో బోర్డు, బజర్
• బీసీ 547 ట్రాన్సిస్టర్
• 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్
• రెండు తీగల వైరు, ష్రింక్ ట్యూబు
• స్ప్రేయర్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ (కరెంటు పోయినా అలారం పనిచేయడానికి)

అమర్చే విధానం

ట్రాన్సిస్టర్ చదునైన వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టర్, బేస్ కాళ్లను కలిపి ఒక తీగతో బోర్డులోని ఏ0 పిన్నుకు ఇవ్వండి. ఎమిటర్‌ను గ్రౌండ్‌కు కలపండి. 5 వోల్టుల పిన్ను నుంచి ఏ0కు రెసిస్టర్, ఏ0 నుంచి గ్రౌండ్‌కు కెపాసిటర్ పెట్టండి. కాళ్లకు తడి తగలకుండా ష్రింక్ ట్యూబు తొడిగి, చివర జిగురుతో మూసేయండి.

బోర్డు మామూలుగా 5 వోల్టుల కొలతతో చదువుతుంది. అప్పుడు ఒక్క అంకె మారాలంటే రెండు డిగ్రీలకు పైగా తేడా రావాలి. ప్రోగ్రామ్‌లో అనలాగ్ రిఫరెన్స్‌ను ఇంటర్నల్ అని మారిస్తే 1.1 వోల్టుల కొలతతో అర డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది. 20 రీడింగులు తీసి సగటు లెక్కిస్తే అంకె నిలకడగా ఉంటుంది.

సరిచూసుకోవడం తప్పనిసరి

ఏ రెండు ట్రాన్సిస్టర్లూ ఒకేలా ఉండవు. సెన్సర్‌ను 5 నిమిషాలు దంచిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ఉంచి అంకె రాసుకోండి. అది 0 డిగ్రీలు. తర్వాత థర్మామీటర్‌తో చూసి 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి మళ్లీ రాసుకోండి. ఉదాహరణకు మొదటిది 640, రెండోది 560 వస్తే 40 డిగ్రీలకు 80 అంకెలు, అంటే డిగ్రీకి 2 అంకెలు. అప్పుడు 35 డిగ్రీల దగ్గర 570 చూపాలి. ట్రాన్సిస్టర్, బోర్డు, బ్యాటరీలలో ఏది మార్చినా మళ్లీ సరిచూసుకోండి.

జాగ్రత్తలు

• బజర్‌కు రెండు హద్దులూ పెట్టండి. మొదటి వారం 33 డిగ్రీలకు తగ్గినా, 37 డిగ్రీలు దాటినా మోగాలి. వారం వారం హద్దులు తగ్గించండి.
• ఎలుకలు వైరు కొరికి తీగ తెగితే బోర్డుకు అది విపరీతమైన చలిలా కనిపిస్తుంది, బజర్ మోగుతుంది. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే మాత్రం విపరీతమైన వేడిలా కనిపిస్తుంది. చలికి ఒక్కదానికే హద్దు పెడితే అలారం మోగదు, పిల్లలు చలికి పోయినా మీకు తెలియదు.
• సెన్సర్‌ను బ్రూడర్ అంచున, పిల్లల వీపు ఎత్తులో కట్టండి. బల్బు వేడి నేరుగా తగలకూడదు.
• రోజూ పడుకునే ముందు సెన్సర్‌ను కాసేపు చల్లటి నీటిలో ముంచి, బజర్ మోగుతోందో లేదో చూసుకోండి.

అలారం ఉన్నా పిల్లలను గమనించడం మానవద్దు. బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అంతటా సమానంగా పరుచుకుని మేత తింటుంటే వేడి సరిపోయినట్టే.