కొద్ది కొద్దిగా, మరల మరల

పరీక్షలు దగ్గరపడినపుడు రాత్రులు మేల్కొని ఏడాది పాఠములన్నియు ఒక్కపెట్టున చదువుట మన విద్యార్థులలో చాలమందికి అలవాటు. అట్లు చదివినది మరునాటి పరీక్షకు కొంత అక్కరకు రావచ్చును. కాని వేసవి సెలవులు గడచునప్పటికి అందులో ఎంత నిలుచుచున్నది? చదువు బ్రతుకునకు పనికి రావలెనని కోరువారము ఈ ప్రశ్నను తప్పించుకొనజాలము.

మరపును గూర్చి మొదట శాస్త్రీయముగ పరిశోధించినవాడు జర్మను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన అర్థము లేని అక్షర సముదాయములను పట్టికలుగ కూర్చి, తానే కంఠస్థము చేసి, కొంత కాలమునకు వాటిని మరల నేర్చుకొనుటలో ఎంత శ్రమ తగ్గుచున్నదో లెక్కించెను. 1885లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఆ తగ్గుదల 20 నిమిషముల పిదప సుమారు 58 శాతము, ఒక దినము పిదప 34 శాతము, ఒక నెల పిదప 21 శాతము. అనగా మరపు తొలి గంటలలోనే వేగముగ సాగి, తరువాత మందగించును. ఒకే రోజున 68 మార్లు వల్లించిన ఫలము, మూడు రోజులకు పంచి 38 మార్లు వల్లించినను లభించుననియు ఆయన గమనించెను.

ఇది అక్షరముల కంఠపాఠమునకే పరిమితము కాదు. బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపు నేర్పుటను బ్యాడ్లీ, లాంగ్‌మన్ అను పరిశోధకులు పరిశీలించి 1978లో ప్రకటించిరి. రోజుకు ఒక గంట మాత్రమే నేర్చినవారికి, రోజుకు రెండు పూటలు రెండేసి గంటలు నేర్చినవారికంటె తక్కువ గంటలలోనే ఆ విద్య పట్టుబడెను. అయితే దినములు ఎక్కువ పట్టినందున వారికే తృప్తి తక్కువ. మేలైన పద్ధతి నేర్చువానికి నిదానముగ తోచును. అందుచేతనే దానిని పలువురు విడిచిపెట్టుదురు.

దీనికి కారణమేమి? వెంటనే మరల చదివినచో పాఠము పరిచితముగ కనబడును. ఆ పరిచయమునే మనము జ్ఞానమని భ్రమింతుము. కొంత విరామము పిదప పుస్తకము మూసి తలచుకొనుటకు మనస్సు శ్రమింపవలెను. ఆ శ్రమయే జ్ఞాపకమునకు బలము. రోడిగర్, కార్పిక్ అనువారు 2006లో ప్రకటించిన ప్రయోగములలో, మరల మరల చదివినవారు అయిదు నిమిషముల తరువాత ముందుండిరి. వారము గడచిన తరువాత, చూడక వ్రాసి తమ్ము తాము పరీక్షించుకొన్నవారే ముందుండిరి.

మన పెద్దలకు ఈ మర్మము అనుభవమున తెలిసినదే. వీధిబడిలో నిన్నటి పాఠము అప్పజెప్పనిదే నేటి పాఠము దొరకెడిది కాదు. ఖుర్‌ఆన్ కంఠస్థము చేయు మదరసాలలో నాటి కొత్త పాఠమగు ‘సబఖ్’తోపాటు, వెనుకటి పాఠముల పునశ్చరణయగు ‘ఆమోఖ్తా’ కూడ నడచుచుండును.

కొన్ని విద్యలలో మరపు ప్రాణాపాయము. గుండె ఆగినవానికి ఛాతీ నొక్కి ఊపిరి నిలుపు నైపుణ్యము, ఒకసారి నేర్చి విడిచినచో కొద్ది నెలలలోనే సన్నగిల్లును. కనుక అమెరికాలోని పలు ఆసుపత్రులలో మూడు నెలలకొకమారు కొద్ది నిమిషముల అభ్యాసము చేయించుచున్నారు.

కావున విద్యార్థి మిత్రులు నేర్చిన పాఠమును మరునాడు, వారమునకు, నెలకు ఒకమారు చూడక వ్రాసికొని, తప్పులను దిద్దుకొనవలెను. ఎంతకాలము గుర్తుండవలెనో అంతకు తగినట్లు విరామమును పెంచుకొనవలెను. కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒక్కటే. ప్రతి తరగతి ఆరంభమున పది నిమిషములు వెనుకటి పాఠములపై ప్రశ్నలకు కేటాయింపుడు. వాటికి మార్కులు వేయకుడు. సంవత్సరాంతమున నడుపు ప్రత్యేక తరగతుల గంటలనే ఏడాది పొడవున పంచుడు. దీనికి అదనపు వ్యయము లేదు. ఇంట చదువు చెప్పువారు లేక, ట్యూషనుకు స్తోమత లేక ఈ తరగతి గదినే నమ్ముకొన్న విద్యార్థికి, నేర్చినది నిలుచుటకంటె మించిన సహాయము వేరొకటి లేదు.