మట్టిలోని బాక్టీరియా: పొలంలో తగిలిన గాయాన్ని తేలికగా తీసుకోరాదు

గండిపేట జలాశయానికి ఎగువన చేవెళ్ల, మొయినాబాద్ మండలాలలో కూరగాయలు, ఆకుకూరలు, పూలు సాగవుతున్నాయి. హైదరాబాద్ మార్కెట్లకు చేరే ఈ పంటల కోసం రైతులు, కూలీలు తడి మట్టిలో పనిచేస్తారు. కొడవలి గాటు, ముల్లు గుచ్చుకోవడం వారికి నిత్యకృత్యం. అటువంటి గాయం ద్వారా శరీరంలో ప్రవేశించగల మట్టి బాక్టీరియాలలో బర్కోల్డేరియా సూడోమల్లీ ఒకటి. అది కలిగించే వ్యాధి మెలియాయిడోసిస్.

ఈ వ్యాధిని 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి రంగూన్‌లో గుర్తించారు. వేలాది తెలుగు కూలీలు పొట్ట చేతపట్టుకుని వెళ్లిన రేవు పట్టణమది. అయినా శతాబ్దం గడిచాక కూడా తెలుగునాట ఈ పేరు వైద్యవర్గాలకే పరిమితమైంది. గుంటూరు జిల్లా తురకపాలెంలో సంభవించిన వరుస మరణాలకు ఇదే కారణమన్న అనుమానంతో 2025 సెప్టెంబరులో వైద్య బృందాలు అక్కడికి వెళ్లి నమూనాలు సేకరించిన తరువాతనే పత్రికలలో దీనిపై విస్తృత చర్చ జరిగింది.

వర్షాకాలంలో నేల పొరల నుండి ఈ బాక్టీరియా పైకి వస్తుంది. మధుమేహ రోగులకు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులకు, మద్యం అధికంగా సేవించేవారికి ముప్పు ఎక్కువ. ఒకరి నుండి మరొకరికి సోకడం అత్యంత అరుదు. మానని పుండు, చీముగడ్డ, నిమోనియా, రక్తం విషపూరితం కావడం వంటి పలు రూపాలలో ఇది కనబడుతుంది. క్షయగా పొరబడి నెలల తరబడి ఆ మందులే వాడిన సందర్భాలున్నాయి.

ప్రయోగశాలలలోనూ దీనిని సాధారణ సూడోమోనాస్‌గా భావించి వదిలివేసే ప్రమాదం ఉంది. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగక, అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లానికి లొంగే బాక్టీరియా కనబడితే మెలియాయిడోసిస్‌ను అనుమానించవలసి ఉంటుంది. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం 10 నుండి 14 రోజులు, అనంతరం కో-ట్రైమాక్సజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మాత్రలు మానివేస్తే వ్యాధి తిరగబెడుతుంది. కూలికి వెళ్లక తప్పని కుటుంబాలలో ఇదే అసలు చిక్కు.

ధనుర్వాతానికి టీకా ఉన్నది, దీనికి లేదు. టి.టి. ఇంజెక్షన్ దీని నుండి కాపాడదు. బురదలో దిగేవారు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, మోకాలి వరకు రబ్బరు బూట్లు ధరించాలి. గాయాన్ని వెంటనే సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి కట్టు కట్టాలి. జ్వరం వీడకపోతే ఆసుపత్రికి వెళ్లి, పొలం పనిని, గాయాన్ని, మధుమేహాన్ని వైద్యునికి తప్పక తెలియజేయాలి.