ఆగిన జెల్లును నొక్కితే మళ్ళీ రంగులు!

దొడ్డబళ్ళాపురం: పడుగు బిగువు మారితే నేత మారుతుందని ఇక్కడి మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. జెల్లులో రసాయనాలు వేసే రంగుల అలలకూ బిగువుతో సంబంధముంది.

1996లో జపాన్‌లో ర్యో యోషిదా బృందం చేసిన జెల్లు ఎవరూ తాకకుండానే ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఉంటుంది. అందులోని రుతేనియం వల్ల రంగు నారింజ నుంచి ఆకుపచ్చకు, మళ్ళీ నారింజకు మారుతుంది. కొంతకాలానికి ఈ లయ ఆగిపోతుంది.

అలా ఆగిన జెల్లును 2012లో అమెరికాలోని ఎమ్‌ఐటీ, పిట్స్‌బర్గ్ పరిశోధకులు నొక్కి చూశారు. లయ మళ్ళీ మొదలైంది! గుండె ఆగినవారి ఛాతీ నొక్కినట్టే అన్నమాట. నొక్కితే రుతేనియం దగ్గరపడి చిక్కబడుతుంది, చర్య తిరిగి ఊపందుకుంటుంది. ఒత్తిడి ఎక్కడ పడిందో రంగుతోనే చెప్పే పొరలకు ఇది దారి చూపవచ్చు.