మొండి పిల్లలు - మనశ్చికిత్సకుని నేర్పు

తిరుమల కొండకు మ్రొక్కు చెల్లింపవచ్చిన తండ్రులు కొందఱు, కల్యాణకట్టలో బిడ్డ తలనీలములిప్పించి, పిమ్మట దిగువ తిరుపతిలో నావంటి మనశ్చికిత్సకుని గదికి వత్తురు. "సామీ, వీడు మాట వినడు, బడికి పోడు, రెండుసార్లు ఇల్లు విడిచి పోయినాడు" అందురు. పదునాలుగు పదునైదేండ్ల యా పిల్లవాడు మాత్రము నోరు మెదపడు. వాడు తన యిష్టమున వచ్చినవాడు కాడు గదా!

ఇట్టివారిని చూచు నేర్పు మాకెట్లు పట్టువడును? ఏండ్లు గడచినకొలది తనంతట వచ్చునని నేనును తలచితిని. కాని 2016లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధనయందు 170 మంది చికిత్సకులను, వారు చూచిన 6,500కు పైబడిన రోగులను పరిశీలింపగా, అనుభవముతో ఫలితములు సగటున మెఱుగుపడలేదు సరిగదా, రవ్వంత తగ్గినవి. ఇది వింతగా దోచును. కోడెను కాడికి అలవాటుచేయు రైతునకు తన తప్పు వెంటనే తెలియును. కోడె కాడి విదిలించును. మాకడ నొచ్చుకొన్న పిల్లవాడు మఱల రాడు, ఏల రాలేదో చెప్పడు. మేము వాని యింటివారిని తప్పుపట్టి యూఱకుందుము.

నా తొలి దినములలో నొక బాలుడు మూడుమార్లు వచ్చి మానివేసెను. తండ్రియు బాలుడును సమ్మతింపగా పట్టియుంచిన టేపును నా గురువుగారు విని, "నీ మాటలెన్ని, వాని మాటలెన్ని, లెక్కింపుము నాయనా" అనిరి. 40 నిమిషములలో వాడు పలికినది నిండ రెండు నిమిషములు లేదు. తక్కినదంతయు నా హితబోధయే. సిగ్గుపడితిని.

అటుపిమ్మట నాచేత నొక్క పనినే చేయించిరి. తామే మొండి బాలునివలె నెదుట కూర్చుండి "నీకేం తెలుసు?" అని కసరుదురు. నేను కోపగింపక, నీతి చెప్పక, ఆ కసరులోని బాధను గుర్తించి పలుకవలెను. తప్పినచో మఱల మొదలు. మృదంగము నేర్చువాడు కచేరికి ముందు ఇంటిలో నొక్క జతినే నూఱుమార్లు సాధించుట వంటిదిది. వియన్నా నగరపు ఆగస్ట్ ఐక్‌హార్న్ అను ఉపాధ్యాయుడు దారితప్పిన బాలురు బల్లలు విఱుగగొట్టినను దండింపక, కనిపెట్టి చూచి, ఆ యనుభవమును 1925లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన యోర్పు నాకింకను రాలేదు.

ఒక్క మాట. బిడ్డ నోట చావు మాట వచ్చినపుడు ఓర్పుతో కాలము గడుపరాదు. వెంటనే మానసిక వైద్యునికి చూపవలెను. 2022లో నెలకొల్పబడిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును.

ఇపుడు ప్రతిదినము కడపట పిల్లవానినే యడుగుదును: "నేడు నాలో నీకు నచ్చనిదేది?" క్రొత్తగా గుండు చేయించుకొని వచ్చిన యొకడు చాలసేపటికి, "మీరు నా గుండువైపే చూస్తున్నారు" అనెను. నిజమే. తప్పొప్పుకొంటిని. మఱుసటి వారము వాడే మొదలుపెట్టెను: "మొక్కు మా నాయనది. జుట్టు నాది." ఆ దినము 40 నిమిషములలో 25 నిమిషములు వాడే మాటలాడెను.