చారల అనాసకు పిలకే దారి

అలంకరణ అనాస మన ఇళ్లలో ఒక్క కాపుతోనే చెత్తకుప్పకు చేరుతోంది. ఆకు అంచుల్లో మీగడరంగు చారలు, ఎండ తగిలితే గులాబీ ఛాయ, పైన పిడికెడంత ఎర్రకాయ. ఆ సొగసు కొన్ని నెలలు నిలుస్తుంది. ఆ తర్వాత ఆకులు వడలడం మొదలవుతుంది, మొక్క చచ్చిందనుకుని కుండీ ఖాళీ చేస్తారు, మళ్లీ నర్సరీకి బయల్దేరతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అలంకరణ మొక్కలకు పెద్ద దిక్కు గోదావరి తీరంలోని కడియమే. అక్కడి తేమగాలిలో పెరిగిన మొక్కను తెచ్చి జనగామ ఎండలో పెడితే ఆకు మాడక ఏమవుతుంది? నిజానికి రెండోసారి కొనాల్సిన పనే లేదు. పారేస్తున్న ఆ మొక్క మొదట్లోనే పిలకలుంటాయి. ఖర్చు లేకపోవడం ఒక్కటే వాటి గొప్ప కాదు. ఈ మొక్క రంగును చెదరకుండా నిలపడంలో ప్రయోగశాలకన్నా పెరటి పిలకనే ఎక్కువ నమ్మవచ్చు.

టిష్యూ కల్చర్ అరటి తోటలు చూసినవాళ్లకు ఈ మాట అతిశయోక్తిగా తోస్తుంది. కానీ అరటి సంగతి వేరు, చారల అనాస సంగతి వేరు. మొక్క పెరిగే మొనలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. చారల రకాల్లో ఒక పొరకు పత్రహరితం తయారుచేసుకునే శక్తి పోయింది, పక్క పొరకు ఉంది. ఆ రెండూ కలిసి పెరగడం వల్లే ఆకు మీద చార. సీసాలో చిన్న కణజాలం నుంచి కొత్త మొగ్గలు పుట్టిస్తే ఈ పొరలు విడిపోవచ్చు. అప్పుడు కొన్ని పిల్లలు పూర్తి పచ్చగా, కొన్ని తెల్లగా వస్తాయి. తెల్లవి సొంతంగా బతకలేవు. పిలక అలా కాదు, ఆకు సందులోని మొగ్గ నుంచి పొరలన్నిటినీ వెంటబెట్టుకుని వస్తుంది. అయినా అప్పుడప్పుడు చారల్లేని ఒక పచ్చ పిలక తన్నుకొస్తుంది. దాని మీద జాలి చూపకూడదు. పత్రహరితం ఎక్కువ కాబట్టి అది త్వరగా బలిసి చారల పిలకలను అణగదొక్కుతుంది. విత్తనం మాట ఎత్తక్కర్లేదు. సాగు అనాసలో ఒకే రకం పుప్పొడితో గింజ కట్టదు. హవాయి ద్వీపాల్లోకి హమ్మింగ్‌బర్డ్‌లను రానివ్వకపోవడానికి కారణం కూడా ఇదే: అవి రకాల మధ్య పుప్పొడి మోస్తే పండు నిండా గింజలే.

పండు నెత్తిన ఉన్న ఆకుల కుచ్చును కోసి నాటితే సరిపోదా అంటారు. తినే అనాసకైతే సరిపోతుంది. సింహాచలం కొండ నుంచో, సీతంపేట మన్యం నుంచో వచ్చిన పండు కుచ్చును పారేయకుండా నాటుకోవచ్చు. అలంకరణ రకంలో మాత్రం కుచ్చు కోస్తే మనం చూడటానికి పెంచుకున్న అందమే పోతుంది. పైగా కుచ్చు మొక్క పూతకు రావడానికి పిలకకన్నా చాలా నెలలు ఎక్కువ పడుతుంది. పిలకకే దాదాపు ఏడాదిన్నర కావాలి. ఇది నిదానం మొక్క. ఆ మాట దాచి అమ్మేవాళ్లను నమ్మకండి.

పిలక జానెడు దాటాక మొదట్లో పట్టుకుని పక్కకు వంచి తిప్పితే ఊడివస్తుంది. చాలామంది తొందరపడేది ఆ తర్వాతే. పచ్చి గాయంతో తడిమట్టిలో పెడితే బూజు చేరి కుళ్లుతుంది. నీడలో వారం రోజులు ఆరనివ్వాలి. కింది ఆకులు నాలుగైదు ఒలిస్తే కాండం చుట్టూ వేరు మొలకలు కనిపిస్తాయి. ఇక మట్టి. అనాసకు కాస్త పులుపు నేల, నీళ్లు నిలవని నేల కావాలి. మన రేగడి దానికి శత్రువు, చల్క మట్టిలో ఇసుక, ఆకుల ఎరువు కలిపితే నేస్తం. అసలు చిక్కు బోరు నీళ్లతో. ఉప్పునీళ్లు పోసేకొద్దీ కుండీ మట్టి చవుడెక్కుతుంది, ఇనుము అందక ఆకు పాలిపోతుంది. యజమాని మాత్రం కొత్త చార వచ్చిందని మురిసిపోతాడు! వందేళ్ల కిందట హవాయిలో మాంగనీసు ఎక్కువైన నేలల్లో అనాస తోటలు ఇలాగే పసుపెక్కితే, ఇనుప లవణం ఆకుల మీద చల్లి బాగుచేశారు. ఆ లవణం మన ఎరువుల దుకాణాల్లో దొరికే అన్నభేదే. దాన్ని చిటికెడు నిమ్మ ఉప్పుతో నీళ్లలో పలచగా కలిపి, సాయంత్రం పూట చల్లితే చాలు. వాన నీళ్లు పట్టి పోసుకుంటే మరీ మంచిది.

మే నెలలో 42, 43 డిగ్రీలు దాటే ఊళ్లలో ఇది బతుకుతుందా అన్న సందేహం న్యాయమైనదే. అనాస పగలు ఆకు రంధ్రాలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. అందుకే తక్కువ నీటితో గడుపుకుంటుంది. అయితే చారల ఆకులో పచ్చదనం తక్కువ, మాడే గుణం ఎక్కువ. జనగామ డాబాల మీద రోహిణి కార్తె ముగిసేదాకా మధ్యాహ్నపు నీడ తప్పదు. భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గరి ఇళ్లలో ఆకు మీది దుమ్ము కడగాలి. ఆకు సందుల్లో నిలిచే నీటిలో దోమలు చేరతాయన్న భయమూ ఉత్తిది కాదు, వానాకాలంలో వారానికోసారి కుండీని వంచి ఒంపేయాలి. పిల్లలున్న ఇంట్లో ముళ్ల రకం వద్దనుకుంటే, నునుపు ఆకుల లూసిడస్ అనే రకం ఉంది. దానికి చారలుండవు గానీ, చిన్న ఎర్రకాయ ముచ్చటగా ఉంటుంది.

ఎదిగిన మొక్క పూతకు రాకపోతే కార్బైడు జోలికి పోనక్కర్లేదు. 1874లో అజోర్స్ దీవుల గాజుగృహాల్లో పొగ పట్టడంతో అనాసలన్నీ ఒక్కసారిగా పూసిన సంగతి తోటల చరిత్రలో ప్రసిద్ధం. పొగలోని ఇథిలీన్ దానికి కారణమని తర్వాత తేలింది. బాగా మగ్గిన అరటిపండ్లు ఆ వాయువునే వదులుతాయి. మొక్క పక్కన రెండు పండ్లు పెట్టి, ఎండ తగలనిచోట నాలుగైదు రోజులు పాలిథిన్ కవరు కప్పితే చాలు. నాటడానికి మృగశిర కార్తె మంచి అదను. ఈసారి వడలిన తల్లిమొక్కను పీకేముందు మొదట్లో ఆకుల సందున వెతకండి. పిలక కనిపిస్తే, అది జానెడు దాటేదాకా ఆ కుండీకి నీళ్లు ఆపకండి.